పద్దెనిమిదో భాగం

"టీ అక్కడెట్టేసి ఎల్లు. మేం పనిలో ఉన్నాం" అన్నాడు మురళీమోహన్ తలెత్తకుండానే.

పుష్పరాణి ట్రే బల్లమీద పెట్టింది. చేపలు కడిగిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లి అక్కడే నిలబడింది. భర్త పక్కన సోఫాలో కూర్చున్న అమ్మాయి సాహిత్య. హైదరాబాద్ పిల్ల, ఇప్పుడు ఈ బెంగాలీల ఊళ్లోనే, న్యూ టౌన్‌లో కాపురం. పాత తెలుగు వారపత్రికల సీరియళ్ల మీద పరిశోధన చేస్తోంది. ఆమె ఒళ్లో పుష్పరాణి కుట్టిన పుస్తకం తెరిచి ఉంది.

"ఏ లైబ్రరీకి పోయినా ఇదే గోస అంకుల్. పత్రికలు వరసగా ఉంటయి. తెరిస్తే సీరియల్ పేజీలు మాత్రం ఉండవు, ఎవరో చింపుకుపోయి ఉంటరు. ఇట్ల కుట్టి దాచుకున్న ఇళ్లల్లోనే నవల మొత్తం దొరుకుతది. కానీ వీటికి కవరు పేజీ ఉండదు, తేదీ ఉండదు."

"అందుకే గదా ఇన్నాళ్లూ దాసేను" అన్నాడాయన. "ముప్పై రెండు పుస్తకాలు. మన తెలుగు సంఘం హాల్లో అద్దాల బీరువాలో పెడతారు, కింద నా పేరుంటాది. నీ పుస్తకంలోనూ ఎయ్యాలి మరి. సేకరించినవారు మురళీమోహన్, పోర్టులో రిటైర్డు."

పుష్పరాణి ఆ మాట విని నవ్వలేదు. ముప్పై రెండు పుస్తకాల్లో ఒక్కదానికీ ఆయన చెయ్యి తగల్లేదు. బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో పనిచేసే తమ్ముడు తెచ్చిచ్చిన దబ్బనంతో, పురికొసతో, ఇంటిల్లిపాదీ తిన్నాక కడిగిన వంటగది గచ్చు మీద కూర్చుని కుట్టింది తను. మైదా ఉడికించి జిగురు చేసింది. పాత కేలండర్ల అట్టలు కత్తిరించి వేసింది. "కాయితాలు కుట్టుకుంటే కూరుడుకుద్దేటే" అనేది అత్త తవిటమ్మ. పత్రిక తెచ్చేవాడు ఆయనే, నిజమే. తెచ్చి ముందు తను చదివి, ఆమె అన్నం వడ్డిస్తూ ఉండగా కథ చెప్పేసేవాడు. "ఈ వారం ఆడు సచ్చిపోతాడే, ఇంకెందుకు సదవడం" అని నవ్వేవాడు. పులుసులో ఉప్పెక్కువైన వారం పత్రిక ఆఫీసు సొరుగులోనే ఉండిపోయేది. అడిగితే, "సదువుకున్నదానివి గదా, ఊహించుకో" అనేవాడు. అడగడం మానేస్తే నాలుగో రోజుకి మంచం మీదకి విసిరేవాడు. అలా దొరికిన పేజీలే ఇవి.

సాహిత్య పేజీలు తిప్పుతోంది. "ఇది ఎప్పుడు మొదలైంది అంకుల్?"

"ఎనభై నాలుగు" అన్నాడు టక్కున.

"ఎనభై ఆరు" అంది పుష్పరాణి. "ఆగస్టు పదిహేను సంచిక."

ఆయన పెద్దగా నవ్వాడు. "దానికేటి తెలుసమ్మా. మొన్న గేసు బుక్ చేసిన తేదీ గుర్తుండదు."

"ఎట్ల గుర్తుంది ఆంటీ?" అంది సాహిత్య, పెన్ను తీస్తూ.

"ఇక్కడ తెలుగు బడిలో టీచరుగా చేసేదాన్నమ్మా. ఆ రోజు జెండా పండగ అయ్యాక రాజీనామా ఇచ్చాను. ఉత్తరం ఈయనే రాశారు, నేను సంతకం పెట్టాను. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పనికి మనిషి కావాలన్నారు. ఇంటికొచ్చేసరికి మంచం మీద ఈ మొదటి భాగం ఉంది. ఉద్యోగం మానినందుకు, ఆ వారం ఈయన చదవకుండానే నాకిచ్చారు."

సాహిత్య రాసుకుంది. మురళీమోహన్ టీ కప్పు అందుకున్నాడు. "ఆడోళ్లకి ఇలాటివే గుర్తుంటాయి. పోనీలే, తేదీ దొరికింది గదా."

"తొమ్మిదో భాగం?" అడిగింది సాహిత్య ఆమెనే.

"అక్టోబరు పది. దుర్గాపూజ. ఆఫీసు బెంగాలీలు పదిమంది భోజనానికొచ్చారు. దీని కాగితాల పిచ్చి చూడండి దాదా అని ఈయన ఇంకా కుట్టని నా పేజీలు తెచ్చి వాళ్లకి చూపించారు. ఒకాయన చెయ్యి తుడుచుకున్నారు వాటితో. ఆ మరక ఉంటుంది చూడు, మూడో పేజీలో."

పేజీ మీద పసుపచ్చటి వేళ్ల గుర్తు ఉంది. సాహిత్య దాని మీద వేలుపెట్టి, వెంటనే తీసేసింది.

"ఆపుతావా" అన్నాడు మురళీమోహన్. గొంతులో నవ్వు లేదు. "ఆ పిల్ల సరిత్ర రాస్తంది. నీ ఇంటి గోల కాదు."

సాహిత్య ఇబ్బందిగా పేజీలు ముందుకి తిప్పింది. పదిహేడు తర్వాత పంతొమ్మిది వచ్చింది. వెనక్కి వెళ్లి మళ్లీ చూసింది. "పద్దెనిమిది లేదే. ఈ ఒక్క భాగం ఎక్కడా దొరకలేదు నాకు."

"ఆ వారం పత్రికలొచ్చే రైలు రాలేదమ్మా" అన్నాడాయన. "మద్రాసు కాడ తుపాను. బాగా గుర్తు నాకు."

పుష్పరాణి ఆయన ముఖంలోకి చూసింది. కంగారు లేదు. నిజంగానే మరిచిపోయాడు. ఇన్నేళ్లూ ఆయన ఆ రోజుని లోపలెక్కడో దాచుకుని మోస్తున్నాడనుకుంది, తనలాగే. వాళ్లిద్దరి మధ్యా ఉన్న ఒకే ఒక్క రహస్యం అదేననుకుంది. మోసింది తనొక్కతే. గుమ్మం వదిలి లోపలికొచ్చింది. ఆ ఇంట్లో పరాయివాళ్ల ముందు ఎన్నడూ కూర్చోని కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రైలొచ్చింది. పత్రికా వచ్చింది. డిసెంబరు పన్నెండు, శుక్రవారం. హౌరాలో నర్సింగ్ హోమ్‌కి వెళుతుంటే టాక్సీలో ఈయనే నా చేతిలో పెట్టారు. 'ఏడవకు, ఇది సదువుకుంటా ఉండు, అయిపోద్ది' అన్నారు. నాకు అయిదో నెల. పరీక్షలో మళ్లీ ఆడపిల్లని చెప్పారు. పెద్దది ఆడదే గదా, ఇంకోటెందుకని తల్లీకొడుకులు అనుకున్నారు. నన్ను లోపలికి తీసుకెళ్లేటప్పుడు పత్రిక బయట బెంచీ మీదుండిపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే లేదు. ఆ భాగంలో ఏముందో నాకిప్పటికీ తెలీదు."

మురళీమోహన్ కప్పు కింద పెట్టబోయి, బల్ల అంచున పెట్టాడు.

సాహిత్య తలవంచుకుని, తనకే వినపడనంత మెల్లగా అడిగింది. "మా సార్ ప్రతి తేదీకీ ఆధారం అడుగుతరు ఆంటీ. దీనికి..."

"ఉందమ్మా. ఆ రోజు నర్సింగ్ హోమ్ కాగితం మీద సంతకం పెట్టిన మనిషి నీ పక్కనే ఉన్నారు. సేకరించినవారని కాదు, ఆ సంతకం పెట్టినవారని రాసుకో ఆయన పేరు."