చెరువుకి ముందు దారి

ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. బంటుమిల్లి దగ్గర ఏలీయా రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. నీళ్లలోని మీటర్ వెంటనే అలర్ట్ పంపింది. అది ఏలీయా ఫోన్‌కి నలభై నిమిషాల తర్వాత చేరింది. ఈలోగా సగం రొయ్యలు చచ్చిపోయాయి.

మర్నాడు ఏలీయా గుడివాడలో తనకు కనెక్షన్ ఇచ్చిన ఇంటర్నెట్ ఆఫీసుకి వచ్చి, చచ్చిన రొయ్యలున్న క్యారీ బ్యాగు కౌంటర్ మీద పెట్టాడు. ఇంజనీరు స్వర్ణలత విప్పి చూసి మళ్లీ ముడి వేసింది.

"నిన్న మ్యాచ్ ఉందండి," అంది. "ఊరంతా చూస్తుంటే లైను నిండిపోయింది. మీ అలర్ట్ తోసుకుని రావడానికి అంతసేపు పట్టింది."

"మ్యాచ్ చూసేవాళ్లు ఒక్క నిమిషం ఆగితే చచ్చిపోరు కదమ్మా?"

అందరి డేటా దాటిపోయే పెట్టె ఒకటి ఆఫీసులో ఉంది, రెండేళ్ల క్రితం కొన్నది. అందులోని చిప్‌కి మనం ప్రోగ్రాం రాసివ్వచ్చు: వచ్చే ప్రతి డేటా ముక్కనీ చూసి, దేన్ని ముందు పంపాలో, దేన్ని ఆపాలో అదే తేల్చుకుంటుంది. ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ రాయలేదు. స్వర్ణలత నాలుగు రోజులు కూర్చుని రాసింది. చెరువు కనెక్షన్‌లో ఏది వచ్చినా, ఏది పోయినా ముందు దారి.

ఆఫీసు ఓనరు వెంకట్రామయ్య చూసి మెచ్చుకున్నాడు. "మా ఇంటిని కూడా చెరువు కింద రాసెయ్యమ్మా," అన్నాడు.

"మీ ఇంట్లో రొయ్యలున్నాయా అండీ?"

ఆయన ఆలోచించి, లేవన్నాడు.

తర్వాతి ఆదివారం ఏలీయా చెరువు కనెక్షన్‌లో ఆగకుండా డేటా పారింది. మీటర్ పాడైందనుకుని స్వర్ణలత బస్సెక్కి వెళ్లింది. గట్టు మీద షెడ్డులో పెద్ద టీవీ పెట్టుంది. ఏలీయా, మరో తొమ్మిది మంది మ్యాచ్ చూస్తున్నారు.

"ఇంట్లో బొమ్మ ఆగిపోయి సున్నా తిరుగుతూ ఉంటదమ్మా. ఇక్కడ అద్దంలా వస్తంది," అన్నాడు ఏలీయా. కుర్చీ కూడా వేశాడు.

ఆమెకి కోపం వచ్చింది, అతని మీద కంటే తన మీదే ఎక్కువ. కనెక్షన్ని చూసింది గానీ అందులో పోయేదాన్ని చూడలేదు. ఆ కుర్చీలోనే కూర్చుని లాప్‌టాప్ తీసి ప్రోగ్రాం మార్చింది. ఇకపై మీటర్ పంపే చిన్న మెసేజీకే ముందు దారి, అదీ సెకనుకి ఒక్కటే. టీవీలో బౌలరు చెయ్యెత్తి అలాగే ఉండిపోయాడు. తొమ్మిది మందీ లేచి వెళ్లారు. ఏలీయా ఆమెకి మజ్జిగ ఇచ్చి టీవీ కట్టేశాడు.

పదిరోజులకి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆక్సిజన్ పడిందని ఇందాక మూడూ పన్నెండుకి మెసేజీ వచ్చింది. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు వేసేశాను. ఒక్క రొయ్య పోలేదు."

స్వర్ణలత రికార్డు చూసింది. మీటర్ పంపింది కూడా మూడూ పన్నెండుకే. కళ్లు చెమర్చాయి.

"మంచిదండి."

"మా బావ చెరువు కూడా చేర్చాలమ్మా."

"మీటర్ నంబరు చెప్పండి," అంటూ పెన్ను అందుకుంది.