కొర్లయ్య బార

వంశధార కళింగపట్నంలోకి వచ్చిన వరదకు ఇరవై ఆరో ఏడు జరిగిన సంగతి ఇది. నేను నీళ్ల లోతు చూసే సీసపు గుండును. ఆ వరదే నా పుట్టుక. జాలరి కొర్లయ్య వలలన్నీ ఏరు పట్టుకుపోయింది. వలలకు కట్టిన సీసపు ముక్కలు మాత్రం బురదలో దొరికాయి. వాటిని మూకుడులో కరిగించి నన్ను పోశాడు. అడుగున గుంట చేసి మైనం పెట్టాడు, కింద ఇసుకో రాయో అంటుకొస్తే తెలుస్తుందని. తాడు కట్టి, రెండు చేతులూ చాచి, బారకొక ముడి వేశాడు.

కొడుకు దానేసు ఓడ పనికి వెళ్తుంటే అతని సంచిలో ఎండుచేపల కింద నన్ను పెట్టాడు. విమానం ఎక్కేచోట నన్ను మూడుసార్లు తిప్పి చూసి, దేనికీ పనికిరానని వదిలేశారు.

గ్రీసులో నలభై మంది యాత్రికులను తిప్పే చిన్న ఓడ అది. వంటవాడు గురువులుది భీమిలి. నన్ను చూసి, "గుండట్టుకొచ్చీసేవేట్రా? ఈ ఓడకి లోతు టీవీలో కనబడతాది" అన్నాడు.

ఆ రోజు పొద్దున్నే నాఫ్ప్లియో కోట కింద బయలుదేరాం. యాత్రికులు కోటను చూసింది తక్కువ, ఫొటోలు తీసింది ఎక్కువ. స్పెట్సెస్ దీవిలో గుర్రపు బళ్లెక్కారు. అక్కణ్నుంచి హైడ్రా దీవికి పోతుంటే గాలి లేచింది. కెప్టెన్ మనోలిస్ ఓడను గాలి చాటుకని ఒక రాతి మలుపులోకి తిప్పాడు. సరిగ్గా అప్పుడే లోతు చూపే యంత్రం ఆరిపోయింది.

దానేసు నన్ను దించాడు. అంత తేటనీళ్లు నేనెరగను. అడుగు కనిపిస్తూనే ఉంది, ఎంత దూరమో తెలియదు. మూడు బారలన్నాడు. తర్వాత రెండుకు కాస్త పైన. కెప్టెన్ లెక్కలో బారంటే ఆరడుగులు. ఓడకు పదడుగుల నీళ్లు చాలు. తలూపి ముందుకే పోనిచ్చాడు.

నన్ను పైకి లాగుతూ దానేసు చేతులు చాచాడు. ముడికీ ముడికీ మధ్య తాడు అతని మణికట్టు దాకా కూడా రాలేదు. మీ అయ్య బార కోడిరెక్కంత అని అమ్మ ఆడిపోసుకోవడం గుర్తొచ్చింది. అయ్య బార ఆరడుగులకు ఒక అడుగు తక్కువ.

"ఎనక్కి పోనీ" అన్నాడు, తెలుగులోనే.

మనోలిస్‌కు తెలుగు రాదు. దానేసు ముఖం చాలింది. ఓడ వణికి వెనక్కి తగ్గింది. నన్ను మళ్లీ దించితే తెల్లరాతి పొడి అంటుకొచ్చింది. అంతవరకూ ఓడ అడుగుకూ రాయికీ మధ్య ఉన్నవి బెత్తెడు నీళ్లే. పైన నలభై మందీ నిమ్మరసం తాగుతున్నారు.

దానేసు జరిగింది చెప్పి తలొంచుకున్నాడు, ఉద్యోగం పోయిందనుకుని.

"మీ నాన్న ఎంత పొడవు?" అడిగాడు కెప్టెన్.

దానేసు తన భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

"మా నాన్నా అంతే. రేపు కొలిచి కట్టుకో."

మర్నాడు పొద్దున్నే హైడ్రా రేవులో, గాడిదలు సామాను మోస్తుండగా, దానేసు కొలత టేపు పట్టుకుని కూర్చున్నాడు. అయ్య వేసిన ముడులు ఒక్కొక్కటే విప్పాడు, బిగిసినవి పళ్లతో. ఆరడుగులకొకటి కొత్తగా వేశాడు. తన చేతిలో ఉండే చివరి ముడి, ఎప్పుడూ నీళ్లలోకి దిగనిది, దాన్ని మాత్రం అలాగే ఉంచాడు.