చేదు పోయిన సొరబుర్ర

నేను ఒక సొరబుర్రను. తిప్పేస్వామి ఇంట్లో గొంగడి తగిలించే కొయ్యకు నల్ల ఉన్నితాడుతో వేలాడుతున్నాను. ఒళ్ళంతా పొగచూరింది. మెడ దగ్గర పగులు పడింది. దోసెడు నీళ్ళు కూడా నిలుపుకోలేను. నన్ను ఎవరూ మాట్లాడమని అడగలేదు. కానీ ఖాళీగా వేలాడే వస్తువు గాలి కొట్టినప్పుడల్లా ఏదో ఒక చప్పుడు చేయక తప్పదు. ఇదీ అట్లాంటిదే అనుకోండి.

నేను పుట్టింది గొర్రెల దొడ్డి కంప మీద. తిప్పేస్వామి తల్లి కెంచమ్మ తొలకరికి దిబ్బ పక్కన గింజలు నాటింది. గొర్రెల ఎరువు తిని పాదు కంపంతా పాకింది. నా తోటి కాయలన్నీ లేతగా ఉండగానే శనగపప్పులోకో పులుసులోకో వెళ్ళిపోయాయి. కాయగా పుట్టినదానికి అది మర్యాదే. నేనూ అట్లాగే పోవలసింది. ఒక సాయంత్రం కెంచమ్మ నా తొడిమ మీద చేయి వేసింది కూడా. దాన్ని ఉండనిమ్మని దొడ్డిలోంచి కొడుకు అన్నాడు. ఎందుకని ఆమె అడిగింది. అతను చెప్పలేదు. గొర్రెలతో తప్ప మనుషులతో అతను పెద్దగా మాట్లాడేవాడు కాదు. తలగుడ్డ అంచు చింపి నా తొడిమకు కట్టాడు. గుడ్డ కట్టిన కాయను విత్తనానికి విడిచారని ఆ ఊళ్ళో లెక్క. కెంచమ్మా అట్లాగే అనుకుని వేరే కాయ తెంపుకుంది.

నన్ను విడిచింది విత్తనానికి కాదు, వన్నూరమ్మ కోసం.

వన్నూరమ్మది పక్క ఊరు. ఈరక్క అనే ఆమె ఆడవాళ్ళను ముఠాగా కట్టుకుని చేలల్లోకి పనికి తెచ్చేది. ఆ ముఠాలో ఈ పిల్ల ఒకతె. వాళ్ళు వేరుశనగ చేలో కలుపు తీస్తూ ఎండ ముదిరాక మా దొడ్డి పక్కన తుమ్మచెట్టు నీడకు చేరి సద్ది విప్పుకునేవాళ్ళు. ఆడవాళ్ళు కంప మీది కాయ ముందు ఏదీ దాచరు. అట్లా ఆమె సంగతి నాకు తెలిసింది.

అంతకుముందు ఏడు వన్నూరమ్మకు పెళ్ళి కుదిరింది. కుదిరినన్నాళ్ళూ అవతలివాళ్ళు పండగకొకటి, జాతరకొకటి తెచ్చి ఇచ్చారు. తళతళలాడే కాగితం చుట్టిన డబ్బాలు, మెరుపుల చీర, తలకిందులు చేస్తే లోపల పూసలు రాలే గాజుబొమ్మ, ఇద్దరి పేర్లూ రాయించిన గోడగడియారం. తర్వాత వాళ్ళకు ఇంకెక్కడో మంచి సంబంధం దొరికింది. ఇచ్చినవాళ్ళే ఆటో కట్టించుకుని వచ్చి ఒక్కొక్కటే అడిగి తీసుకున్నారు. ఆ రోజు ఆమె ఒంటి మీద ఉన్నదీ వాళ్ళిచ్చిన చీరే. లోపలికి పోయి మార్చుకుని అదీ ఇమ్మన్నారు. ఊరు ఊరంతా వాకిట్లో నిలబడి చూసింది. తళతళలాడే కాగితాలను మాత్రం వాళ్ళు తీసుకుపోలేదు. అవి చాలా రోజులు ఆమె ఇంటి ముందర కంపకు తగులుకుని మెరుస్తూనే ఉన్నాయట.

అప్పటినుంచి ఆమె ఎవరి చేతినుంచీ ఏదీ తీసుకునేది కాదు. పక్కనున్న ఆమె ఊరిమిండి పచ్చడి వేయబోయినా ముద్దను జరుపుకునేది. "ఇచ్చినోళ్ళు మళ్ళా వస్తారక్కా," అనేది, నవ్వుతూనే. మళ్ళీ సంబంధం చూద్దామా అని ఈరక్క కదిపితే ఆ నవ్వు కూడా ఉండేది కాదు.

నీళ్ళకు ఆమె దగ్గర ఒక ప్లాస్టిక్ సీసా ఉండేది. బస్సులోంచి ఎవరో పారేసినది. ఎవరిదీ కాదు కాబట్టి ఆమెది. ఎండకు అందులో నీళ్ళు కాగి వాసన కొట్టేవి. ఒక మధ్యాహ్నం తిప్పేస్వామి మందను తోలుకుపోతూ, ఆమె ఆ నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసి, గత్యంతరం లేక మళ్ళీ అవే తాగడం చూశాడు. నా తొడిమకు గుడ్డ పడింది ఆ సాయంత్రమే.

అంగడిలో కొనాలని అతనికి తోచలేదని కాదు. ఒక సంతనాడు పోయి గాజు అద్దాల ముందు నిలబడి వచ్చాడు. అక్కడ ఉన్నదేదైనా ఒక రోజు తిరిగి అడగడానికి వీలైనదే, ఆ పిల్ల ముట్టదు, అని ఒక పొట్టేలుకు చెప్పుకుంటుంటే విన్నాను. మనిషికి చెప్పవలసిన మాటలు పొట్టేళ్ళకు చెప్పుకునేవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు.

పాదు ఎండేదాకా నన్ను కంప మీదే ఉంచాడు. ఎండకు నా పచ్చదనం పోయింది, బరువు పోయింది. తర్వాత పొయ్యి మీద పొగలో వేలాడదీశాడు. గోరుతో కొడితే ఖంగుమన్న నాడు దించి, మెడ కోసి, లోపల నీళ్ళు నింపి మూల నిలబెట్టాడు. నా గుజ్జు నాలోనే కుళ్ళింది. ఆ కంపు సంగతి నేను చెప్పుకోకూడదు గానీ, కెంచమ్మ ముక్కుకు కొంగు కట్టుకుని వంట చేసేది. "పెండ్లి చేసుకోరా అంటే బుర్రలు కడుక్కుంటా కూచున్నావు. ఇంట్లో పీనుగ లేచినట్టుంది," అని తిట్టింది. అతను గులకరాళ్ళు వేసి గిలకొట్టి, పారబోసి, మళ్ళీ గిలకొట్టేవాడు. మంద వెనక నడుస్తూ కదురుతో నల్ల ఉన్ని వడికి, దాన్ని పేని, నాకు ఉట్టిలా అల్లాడు. వేపకట్టె చెక్కి బిరడా పెట్టాడు. నా కోసం బజారులో పైసా పెట్టింది లేదు.

ఒక్కటే మిగిలింది, చేదు. కొత్త బుర్రలో పోసిన నీళ్ళు చేదెక్కుతాయి. రోజూ నీళ్ళు నింపి, మార్చి, రుచి చూస్తూ పోవాలి. అది ఎప్పటికి పోతుందో బుర్రను బట్టి ఉంటుంది. పూర్తిగా పోయాకే ఎవరికైనా ఇవ్వాలి. తిప్పేస్వామీ అట్లాగే చేద్దామనుకున్నాడు. కానీ కంది కోతలు అయిపోవచ్చాయి. తెల్లవారితే ఈరక్క ముఠా మొత్తం బళ్ళారి వైపు మిరపకాయల కోతకు లారీ ఎక్కుతుందని కబురు తెలిసింది. అక్కడినుంచి ఎవరు ఎప్పుడొస్తారో, ఎవరికి ఎక్కడ సంబంధం కుదురుతుందో చెప్పలేరు. అతను నా నీళ్ళు నోట్లో పోసుకుని చూశాడు. మొహం ముడుచుకుపోయింది. అయినా నన్ను భుజాన వేసుకుని బయలుదేరాడు.

తుమ్మచెట్టు కింద ఆడవాళ్ళు సద్ది తింటున్నారు. అతను ఎవరికీ ఇవ్వలేదు. చెట్టు కొమ్మకు నన్ను తగిలించి నిలబడ్డాడు. ఎవరిదప్పా ఇది అని ఈరక్క అడిగితే, తాగినోళ్ళది అన్నాడు. అందరికీ అర్థమైంది. ఒకామె ఇంకొకామెను మోచేత్తో పొడిచింది. వన్నూరమ్మ చాలాసేపు నా వైపు చూడలేదు. ఆ రోజు ఎండ ఎక్కువ. చివరికి ఆమె లేచి, బిరడా తీసి, ఎత్తి ఒక గుక్క తాగింది.

వెంటనే ఉమ్మేసింది.

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. "ఏమే, పెండ్లికి ముందే చేదు తాపిస్తాండాడే ఈయప్ప," అంది ఒకామె. తిప్పేస్వామి నేలచూపులు చూశాడు. నేను కొమ్మకు వేలాడుతూ, కత్తిపీట కిందికి పోయినా ఇంతకంటే నయంగా ఉండేది అనుకున్నాను. వన్నూరమ్మ మూతి తుడుచుకుని అతని ముందుకు వచ్చి నిలబడింది.

"చేదుంటుందని నీకు తెల్దా?"

"తెలుసు."

"తెలిసి ఏంటికి తెచ్చినావు?"

"రేపు పోతాండావు గదా."

నవ్వేవాళ్ళు నవ్వు ఆపారు.

"ఈ చేదు పోతాదా?"

"రోజూ నీళ్ళు మార్చల్ల. పోతాది."

"నేను మార్చుకుంటా కూచుంటే, నువ్వొచ్చి నాది నాకియ్యి అంటే?"

తిప్పేస్వామి తలెత్తి చూశాడు. "దాంట్లో అడిగేకి ఏముందిమే," అన్నాడు. "నీళ్ళే గదా."

ఆమె నన్ను దించి భుజాన వేసుకుంది. ప్లాస్టిక్ సీసాను చేలో విసిరేసింది. ఒకరి చేతినుంచి ఏదైనా తీసుకోవడం ఆ సంబంధం చెడ్డాక అదే మొదలు అని ఈరక్క తర్వాత అందరికీ చెప్పింది.

మిరప చేల దగ్గర టార్పాలిన్ గుడిసెల్లో నేనూ ఆమెతో ఉన్నాను. పొద్దున్నే నా నీళ్ళు పారబోసి, కొత్తవి నింపి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసేది. మొహం చిట్లించేది. మరుసటి రోజు మళ్ళీ. మిరప ఘాటుకు చేతులు మండుతున్నా అది మానలేదు. పారేయమే ఆ పాడు బుర్రను అని తోటివాళ్ళు అనేవాళ్ళు. విసుగొచ్చి ఒకసారి నన్ను గుడిసె వెనక బోర్లించి పెట్టింది. రెండు పూటలు అట్లాగే ఉన్నాను. తర్వాత తనే వచ్చి దుమ్ము తుడిచి నీళ్ళు నింపింది. నిజం చెప్పాలంటే నాకూ విసుగు పుట్టింది. నాలో ఇంత చేదు ఉందని నాకే తెలియదు. ఒక పొద్దున ఆమె నాలుక మీద వేసుకుని ఆగింది. ఇంకొక గుక్క తాగింది. ఆ రోజు నుంచి పారబోయడం మానేసింది.

ఎండలు ముదిరాక తిరిగి వచ్చి ఆమె నేరుగా దొడ్డి దగ్గరికి వచ్చింది. కెంచమ్మ చూస్తుండగానే నన్ను తిప్పేస్వామి చేతికిచ్చి, తాగి చూడు అంది. అతను నిలబడి, గొంతులో ముడి కదులుతుండగా, సగం దాకా తాగాడు.

"ఎట్లుండాయి?"

"నీళ్ళు నీళ్ళ మాదిరే ఉండాయి," అన్నాడు.

ఆమె నవ్వింది. నన్ను తిరిగి తన భుజానికే వేసుకుంది. కెంచమ్మ ఆ సాయంత్రమే పక్క ఊరికి పోయి సంబంధం మాట్లాడి వచ్చింది.

పెళ్ళికి చుట్టాలు మళ్ళీ తళతళ కాగితాలు చుట్టుకుని వచ్చారు. గడియారాలు నిలిచిపోయాయి. బొమ్మలు పిల్లలు పగలగొట్టారు. కాగితాలు చాలాకాలం ఉన్నాయి. వాటిని తినబోయి ఒక మేకపిల్ల చచ్చిపోయింది కూడా. నేను పని చేశాను. బాయి దగ్గరికి, చేనికి, మంద వెనక గుట్టల్లోకి, వానలు లేని ఏళ్ళలో ట్యాంకరు దగ్గరి వరుసలోకి. నా చర్మం గుండా చెమ్మ కొద్దిగా ఊరేది, లోపలి నీళ్ళు చల్లబడేవి. ఆ చెమ్మ వాళ్ళిద్దరి నడుముల మీదా మరకగా ఉండేది. రోగం తగిలి మందలో సగం పోయిన నాడు తిప్పేస్వామి నా నీళ్ళతో మొహం కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, ఎంతకూ ఆపలేదు. ఒకసారి వన్నూరమ్మ అలిగి పుట్టింటికి పోతూ నన్నొక్కదాన్నే తీసుకుంది. ఇంట్లో తక్కినవన్నీ ఇంటివి, ఇది నాది అంది. అతను వెనకాలే పోయి దారిలో నీళ్ళడిగాడు. ఇచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకోలేదు. నేను మాత్రం ఆ భుజం నుంచి ఈ భుజానికి మారుతూ వచ్చాను.

ఇప్పుడు గొర్రెలు లేవు. మోకాళ్ళు తిప్పేస్వామిని నడవనివ్వవు. ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది. నేను పోయిన ఎండాకాలం కొయ్య మీదినుంచి జారిపడి మెడ దగ్గర పగిలాను. వన్నూరమ్మ ఎత్తి మళ్ళీ అక్కడే తగిలించింది.

మొన్నొక కుర్రవాడు మోటారు సైకిలు ఆపి దాహమని వచ్చాడు. అతనితో ఒక అమ్మాయి కూడా ఉంది. ఆమె బయట చెప్పులు విప్పుకుని కాళ్ళు కడుక్కుంటూ ఉండగా అతను నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. వచ్చే వారం ఆ అమ్మాయి పుట్టినరోజట. చెత్తగా మిగిలేది ఏదీ ఇవ్వద్దని ఆమె ముందే చెప్పిందట. అందుకని వెదురు బ్రష్షులు, గుడ్డసంచులు తెప్పించాడు. అవి ఒక అట్టపెట్టెలో, ఆ పెట్టె ఇంకో పెట్టెలో, మధ్యలో బుడగల ప్లాస్టిక్ చుట్టి వచ్చాయట. చెబుతూ అతనే సిగ్గుగా నవ్వాడు. మంచివాడే. ఇది ఇస్తారా అమ్మా, ఎంతైనా ఇస్తాను అన్నాడు. వన్నూరమ్మ నా వైపు చూసింది. ఎప్పుడో ఒకప్పుడు నన్ను ఎవరో ఒకరు తీసుకుపోతారని నేను అనుకుంటూనే ఉన్నాను. ఇక ఏదైనా ఒకటే అనిపించింది.

"ఇది నీకు పనికిరాదు నాయనా," అంది ఆమె. "దీని చేదు పోయింది."

అతనికి అర్థం కాలేదు. ఆమె పెరట్లోకి పోయి, కంప మీద గుడ్డ కట్టి విడిచిన ముదురుకాయను తొడిమతో సహా కోసుకొచ్చి అతని చేతుల్లో పెట్టింది. ఎట్లా ఎండబెట్టాలో, ఎట్లా కడగాలో చెప్పింది. వారంలో కాదని, ఆలస్యమవుతుందని అతను నసిగాడు. కానీలే అంది.

"చేదంతా నువ్వే పోగొట్టి ఇయ్యద్దు. రవ్వంత ఆ పాపకు మిగుల్చు."

"తను పారేస్తే?"

"పారేస్తే ఏమయితాది. పారేసినకాడ మొలుస్తాది."

వాళ్ళు వెళ్ళిపోయారు. అమ్మాయి ఆ కాయను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం కిటికీలోంచి చూశాను. మంచం మీదినుంచి తిప్పేస్వామి తల ఎత్తాడు.

"పగిలిందే గదా. ఇచ్చేసింటే పోయేది."

వన్నూరమ్మ అతని వైపు తిరిగింది. "ఏమి, ఇచ్చినోనివి మళ్ళా అడిగేకొచ్చినావా?"

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

నాకిక పెద్ద ఆశలు లేవు. ఒక రోజు ఈ పగులు కిందిదాకా దిగుతుంది. ఆమె నన్ను పొయ్యిలో పెడుతుంది, పిడికెడు బూడిద సొరపాదు మొదట్లో పోస్తుంది. ఆమె ఆనాడు విసిరేసిన ప్లాస్టిక్ సీసా మాత్రం ఇంకా ఆ చేలోనే ఉంది. దున్నిన ప్రతిసారీ పైకి వస్తుందట, మళ్ళీ మట్టిలో కూరుకుపోతుందట. నాకంటే ముందు పుట్టింది, నా తర్వాతా ఉంటుంది. దాన్ని తలుచుకుంటే జాలేస్తుంది. అలిసినప్పుడు ఆగిపోయే వీలు దానికి లేదు.