వంచి పట్టుకున్న వైరు

చెల్లెలు చనిపోతూ తన లాప్‌టాప్ పాస్‌వర్డ్ కూడా తనతోనే పట్టుకుపోయింది. అంతా చెరిపేసి కొత్తదానిలా చేస్తే తప్ప అది తెరుచుకోదు. చెల్లెలి కూతురు రేపు చేరబోయే ఉద్యోగానికి అదే ఆధారం. బ్యాటరీ చచ్చిపోయింది, ఛార్జర్ వైరును ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే కరెంటు అందుతోంది. చెరిపే పని మొదలైంది, మధ్యలో ఆగితే లాప్‌టాప్ మళ్లీ లేవదేమోనని పెద్దమ్మ దాన్ని బిగించి పట్టుకుంది.

“కాసేపు నేను పట్టుకుంటా పెద్దమ్మా.”

“చేతులు మారితే జారిపోతుందే. నీ పని నువ్వు చూసుకో.”

తెర మీద అంకె పెరిగేకొద్దీ చెల్లెలు దాచుకున్నవన్నీ చెరిగిపోతున్నాయి. అయినా పెద్దమ్మ వేళ్లు సడలించలేదు. చివరికి తెర వెలిగి, వాడేవారి పేరు అడిగింది.

“అమ్మ పేరే పెట్టనా?”

“నీ పేరు కొట్టవే తల్లీ, పని చెయ్యాల్సింది నువ్వు. త్వరగా కానీ, నా చెయ్యి పడిపోతోంది!”