ఎండలో పెట్టిన రంగు

పాలపాకెట్టు మీది నీలం అచ్చును రామలింగం ముందు కుడికన్ను మూసి చూశాడు. తర్వాత ఎడమకన్ను మూసి చూశాడు. ఎడమకంటికి అది కడిగి ఆరేసినంత శుభ్రమైన నీలం. కుడికంటికి అదే నీలం మీద ఎవరో పల్చగా పసుపునీళ్లు చిలకరించినట్టుంది. నెలన్నరగా పొద్దున్నే ఇదే పరీక్ష, ఇదే ఫలితం. ఇద్దరు సాక్షులు ఒకే ఇంట్లో కాపురముంటూ చెరో మాట చెబుతుంటే ఎవరిని నమ్మాలి? పాకెట్టు కత్తిరించి, పాలు గిన్నెలో పోసి, పొయ్యి వెలిగించాడు.

ఎడమకంటికి శుక్లం తీశారు. ఆ సంగతి ఆటోనగర్‌లో ఒక్క పురుగుకీ తెలియదు. పెడనలో చుట్టాలింట పెళ్లుందని, పనిచేసే షెడ్డులో చెప్పి వారం సెలవు పెట్టాడు. ఆస్పత్రిలో నర్సు, "తోడెవరొచ్చారండీ?" అని అడిగితే, "కింద టీ తాగుతున్నారమ్మా" అన్నాడు. ఎవరూ రాలేదు. రావడానికి ఈ ఊళ్లో ఎవరూ లేరు. కంట్లో చుక్కలు తనే వేసుకున్నాడు. మొదటి మూడు రోజులూ కంట్లో పడినవాటికన్నా చెంప మీద పడినవే ఎక్కువ. నల్లకళ్లజోడు పెట్టుకుని షెడ్డుకెళ్తే, వెల్డింగు మంటల మధ్య అలాంటి జోళ్లు సగంమందికి ఉంటాయి గనక, ఇదేమిటని ఎవరూ అడగలేదు. అడగకూడదనే కోరుకున్నాడు. తీరా అడక్కపోయేసరికి సాయంత్రం ఇంటికి నడిచొస్తూ పసిపిల్లాడిలా చిన్నబుచ్చుకున్నాడు.

దాచడానికి కారణం ఉంది. నలభై ఆరేళ్లుగా అతను తింటున్నది ఆ కళ్ల కష్టం. సొట్ట తీసిన బండికి పాత రంగులో కలిసిపోయే కొత్త రంగు కలపడం అతని పని. తలుపు ఒక్కటే మార్చినా, ఆ తలుపు మార్చినట్టు కన్నతల్లికి కూడా తెలియకూడదు. కలిపిన ప్రతి రంగునూ ఒక డబ్బామూత మీద పూసి, ఆరాక వెనకవైపు పెన్సిల్‌తో బండి నంబరూ తేదీ రాసి, మేకుతో బెజ్జం కొట్టి తీగకు గుచ్చుతాడు. షెడ్డు రేకుల కింద అలాంటి మూతలు మూడువేలకు పైగా వేలాడుతుంటాయి. గాలి వీస్తే అవన్నీ ఒకేసారి మాట్లాడుకుంటాయి.

తండ్రి పెడనలో నూలుకి రంగులద్దేవాడు. నూలు చిలపను తడిపి, ఆరేసి, ఉత్తరపు వెలుతురులో పట్టుకుని చూడరా, మిట్టమధ్యాహ్నం ఏ రంగునూ నమ్మకు అనేవాడు. మగ్గాలు ఆగిపోయాక పద్దెనిమిదేళ్ల రామలింగం లారీ క్యాబిన్లకు రంగు కొట్టడానికి విజయవాడ వచ్చాడు. ఆ ఉత్తరపు వెలుతురొక్కటే వెంట తెచ్చుకున్నాడు.

గదికి తాళం వేసి రోడ్డెక్కేసరికి గుణదల నిండా జనం. మేరీమాత ఉత్సవాలు రెండో రోజు. చెప్పుల్లేకుండా, నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో కొండ వైపు వస్తున్నారు. ఆ జనానికి ఎదురుగా తనొక్కడే ఆటోనగర్ వైపు నడుస్తున్నాడు. రెండుసార్లు ఆగి గోడకు చెయ్యి ఆనించాల్సొచ్చింది. రద్దీ వల్లేలే అనుకున్నాడు. ఎడమభుజం రుద్దుకుని మళ్లీ నడిచాడు.

ఆటోనగర్ గేటు దగ్గర అమలమ్మ టీ కొట్టులో గ్లాసు అందుకున్నాడు. పదిహేనేళ్లుగా అతనికి అడక్కుండానే పంచదార తక్కువేసి ఇచ్చే మనిషి.

"ఇయ్యాళేనంటగా మేస్త్రిగారూ, ఆ ఎర్రకారు సంగతి తేలేది?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"మీ ఓనరు సురేష్‌గారు నిన్ననించి అందరికీ అదే చెప్తన్నారు. మేస్త్రి గెలుస్తాడో మిషను గెలుస్తాదో అని."

రామలింగం నవ్వాననిపించాడు గానీ టీ సగంలోనే వదిలేశాడు.

ఆ కారు ఇటలీది. రెండే తలుపులు, ఇద్దరికే చోటు, నడుమెత్తున ఉంటుంది. అరవై ఏళ్ల కిందట నీలగిరుల్లో ఏదో టీ తోట దొర తెప్పించుకున్నదట. చేతులు మారీ మారీ, కైకలూరు వైపు రొయ్యల చెరువులున్న వెంకటకృష్ణారావుగారి దగ్గరకు చేరింది. పాతకార్ల పోటీకి పంపాలని ఆయన పట్టుదల. అక్కడ న్యాయనిర్ణేతలు అన్నిటికన్నా ముందు చూసేది, ఫ్యాక్టరీలోంచి ఏ రంగులో బయటికొచ్చిందో ఆ రంగులోనే ఉందా లేదా అని. "ఇటలీ కారంటే ఎరుపే కదండీ, అందులో అనుమానమేముంది?" అన్నాడాయన మొదటిరోజు. కంపెనీకి ఉత్తరం రాస్తే, ఆ నంబరు కాగితాలు తమ దగ్గర లేవని జవాబొచ్చింది.

రామలింగం నీళ్లకాగితంతో రూపాయి బిళ్లంత మేర అరగదీశాడు. ఎరుపు కింద నలుపు, నలుపు కింద మళ్లీ ఎరుపు, దానికింద మెరూన్, ఆ కింద ఒట్టి ఇనుము. ఎవరో పుణ్యాత్ముడు ఒకప్పుడు కారునంతా రేకు దాకా గోకేశాడు. అతను తలుపుల అట్టలు ఊడదీసి చూశాడు, రబ్బరు బీడింగుల కింద చూశాడు, బందుల వెనక టార్చి వేసి చూశాడు. ఎక్కడా మిగల్లేదు. మూడోరోజున, డాష్‌బోర్డులోని చిన్న పెట్టె మూతకు లోపలివైపు అంటించిన గుడ్డముక్క లాగితే, దాని కింద అరచేతిమేర పాత రంగు దొరికింది. అదే మొదటి పొర. దానికింద ప్రైమరు తప్ప మరేమీ లేదు.

పెయింటు కంపెనీ నుంచి ప్రత్యూష అనే అమ్మాయి రంగులు కొలిచే మిషను తెచ్చింది. చేతిలో ఇమిడే పెట్టె. రంగుకి ఆనించి మీట నొక్కితే అంకెలు చెబుతుంది. మీగడరంగు అని తేల్చింది. సురేష్ అప్పుడే డబ్బాకి ఆర్డరు పెట్టబోయాడు.

"ఆగండి బాబూ," అన్నాడు రామలింగం. "ఇది వెలుగు చూడక పసుపుబారిన రంగు. పది రోజులు ఎండలో పెడదాం."

"ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది గానీ వెనక్కొస్తుందా మేస్త్రీ?"

"అన్నీ రావు. నూనె కలిసిన ఈ పాత పెయింటు వస్తుంది."

ఆ సంగతి అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు. భార్య రాజేశ్వరి చెప్పింది. ఇంటి తలుపుకి అతను తెల్లరంగు వేస్తే ఆమె దాని మీద క్యాలెండరు తగిలించింది. ఏడాది తిరిగాక తీస్తే, తలుపు మీద క్యాలెండరంత పసుపుపచ్చ మరక. "ఊరందరి బళ్లకీ మెరుపులు, మన ఇంటికి మాత్రం మరకలా?" అని వారంపాటు ఆటపట్టించింది. నెల తిరిగేలోగా, కిటికీ ఎండకి, మరక దానంతటదే తెల్లబడింది. ఆమె పోయి పదకొండేళ్లు. ఆ తలుపు మీద అతను మళ్లీ క్యాలెండరు తగిలించలేదు.

పెట్టెమూత సగానికి నల్లటేపు అంటించి, మిగతా సగం ఎండకి వదిలాడు. పది రోజులూ షెడ్డు వెనక గోడవారన ఇనప కుర్చీ వేసుకుని, కాకుల నుంచీ దుమ్ము నుంచీ దానికి కాపలా కాశాడు. సురేష్ మంచివాడే, కానీ కుర్రదనం ఇంకా పోలేదు. "ఈసారి మీ మాట తప్పయితే, ఇక రంగుల సంగతి మిషనుకే వదిలేద్దాం మేస్త్రీ. మీరు కూర్చుని అజమాయిషీ చెయ్యండి" అన్నాడు. గౌరవంగానే అన్నాడు. ఆ గౌరవమే రామలింగానికి ముల్లులా గుచ్చుకుంది. అజమాయిషీ చేసే మేస్త్రి చేతిలో ఏముంటుంది? ఏమీ ఉండదు.

దాన్ని మించిన భయం ఇంకొకటి ఉంది. ఎండకి రంగు మారిందని తన కంటికి రోజూ అనిపిస్తూనే ఉంది. మారింది రంగేనా, లేక తన చూపా? కొత్తకన్ను అన్నిటినీ నీలంగా చూపిస్తోంది. పాతకన్ను అన్నిటినీ పసుపుపచ్చగా చూపిస్తోంది. ఎవరినైనా అడుగుదామంటే నోరు రాదు.

పదిన్నరకి అందరూ గోడ దగ్గర చేరారు. రామలింగం కుర్చీలో కూర్చుని, టేపు కొస గోటితో లేపి, మెల్లగా లాగాడు. అతను కళ్లజోడు తీశాడు. కుడికన్ను మూశాడు. మూత మధ్యలో గీత ఉంది. ఎడమకన్ను మూశాడు. అక్కడే, అదే గీత. ఒక పక్క మీగడ, రెండో పక్క మజ్జిగ మీద తేరిన నీటిరంగు. తెలుపే, కానీ లోపలెక్కడో లేతనీలం ఉన్న తెలుపు.

"ఉందా?" అన్నాడు.

"ఉంది మేస్త్రిగారూ, క్లియర్‌గా ఉంది!" అంది ప్రత్యూష. మిషను రెండు పక్కలా ఆనించి చూసింది. రెండు వేర్వేరు అంకెలు. "అసలు నాకు ట్రైనింగ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదండీ. మిషను ముందున్నది చెబుతుంది గానీ, అదెలా అయిందో చెప్పదు కదా."

సురేష్ తల గోక్కున్నాడు. "ఒప్పుకున్నాను మేస్త్రీ, మీరే కరెక్టు," అని వెంకటకృష్ణారావుగారికి ఫోను కలిపాడు. ఎరుపు కాదు, మీగడ కాదు, నీలంతెలుపు అని చెప్పాడు. తర్వాత స్పీకరులో, "అంత ఖర్చుపెట్టి తెల్లకారా అండీ?" అని వినిపించింది. మళ్లీ ఆయనే, "సరే, అది పుట్టిన రంగు అదే అయితే అదే వెయ్యండి. ఆ పెట్టెమూత మాత్రం ముట్టుకోకండి, అలాగే బిగించండి" అన్నాడు. ఆ మనిషి మీద రామలింగానికి ఒక్కసారిగా గౌరవం కలిగింది.

ప్రత్యూష కంప్యూటరులో వెతికితే దగ్గరి రంగులు నాలుగు దొరికాయి. నాలుగూ దగ్గరివే, ఒక్కటీ అది కాదు. రామలింగం డబ్బాలు ముందేసుకున్నాడు. తెలుపులో అగ్గిపుల్ల కొసన నీలం, సూదిమొనంత నలుపు. మూత మీద రాసి, వేడిగాలి కొట్టి ఆరబెట్టి, ఎండపక్కకి ఆనించి చూశాడు. తడిగా ఉన్నప్పుడు చెప్పింది ఆరాక చెప్పదు రంగు. కాదు. ఒక చుక్క పసుపు. కాదు. మళ్లీ తెలుపు. అన్నానికి పిలిస్తే వెళ్లలేదు. ఆరోసారి, అంచుకి అంచు ఆనించగానే, రెంటి మధ్యా అంచు మాయమైంది.

కుడికన్ను మూశాడు. ఒకటే. ఎడమకన్ను మూశాడు. కుడికంటికి రెండూ కాస్త పచ్చగా ఉన్నాయి, కానీ రెండూ ఒకేలా పచ్చగా ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది అతనికి. నలభై ఆరేళ్లుగా తను చేసిన పని, ఈ రంగు ఫలానా అని చెప్పడం కాదు. ఈ రెండూ ఒకటే అని చెప్పడం. ఆ మాట చెప్పడానికి ఏ కన్నైనా చాలు. పచ్చటి అద్దంలోంచి చూసినా, తేట అద్దంలోంచి చూసినా, ఒకటైనవి ఒకటిగానే ఉంటాయి. నెలన్నరపాటు దొంగలా ఎంత భయపడ్డాడు! నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇలాంటివి వినే మనిషి ఇంట్లో ఉండి ఎన్నాళ్లయింది!

"అమ్మా, ఒక్క మాట..." అన్నాడు ప్రత్యూషతో. ఆమె తలెత్తింది. అంతలో ఆమె ఫోను మోగింది. మైలవరంలో ఎవరిదో ట్రాక్టరు కంపెనీ వాళ్లట. "చెప్పండి మేస్త్రిగారూ," అంది ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి.

"ఏం లేదులే అమ్మా. వెళ్లిరా, బండి జాగ్రత్త."

మూడున్నరకి కొత్త మూత మీద రంగు పూసి, వేడిగాలితో ఆరబెట్టి, వెనక పెన్సిల్‌తో రాశాడు. పెట్టెమూతనీ దాన్నీ పక్కపక్కన గోడవారన నిలబెట్టి, ఇనప కుర్చీలో వెనక్కి వాలాడు. ఫిబ్రవరి ఎండ మోకాళ్ల మీద గోరువెచ్చగా పడుతోంది. గుణదల వైపు నుంచి మైకులో పాట లీలగా వినిపిస్తోంది. షెడ్డులో మూతలు గలగలమన్నాయి.

నాలుగింటికి అమలమ్మ టీ పట్టుకొచ్చింది. మేస్త్రి పొద్దున టీ వదిలేశాడని ఆమెకి మనసులో ఉండిపోయింది.

"చల్లారిపోద్ది మేస్త్రిగారూ, లేవండి," అంది. రెండుసార్లు అంది. మూడోసారి అనబోయి, గ్లాసు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతని కళ్లు రెండూ మూసి ఉన్నాయి.

పెడన నుంచి తమ్ముడి కొడుకొచ్చి తలకొరివి పెట్టి, చేయాల్సినవి చేశాడు. గది ఖాళీ చేస్తూ, కంటి చుక్కల సీసా ఏ మందో తెలియక పారేశాడు. మార్చి మొదట్లో కారు తయారై, ఎండలో మెరుస్తూ, ఆటోనగర్ గేటు దాటి వెళ్లిపోయింది. కూలీలంతా పని ఆపి చూశారు. తెల్లకారే గానీ భలే ఉందన్నారు.

ఆ రోజు సురేష్ గోడవారన ఉన్న చివరి మూత తీసుకుని, బెజ్జం కొట్టడానికి తిప్పి చూశాడు. వెనక బండి నంబరు లేదు. తేదీ ఉంది. దాని కింద వంకరటింకర అక్షరాల్లో, "రెండు కళ్లకూ ఒకటే" అని ఉంది. చాలాసేపు చూశాడు. ప్రత్యూషకి చూపించాడు, అమలమ్మకి చూపించాడు. ఎవరికీ ఏమీ బోధపడలేదు. తీగ చివర గుచ్చి వదిలేశాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. గాలి వీస్తే మూత మెల్లగా తిరుగుతుంది, ఒకసారి రంగు కనబడుతుంది, ఒకసారి ఆ రాత.