విమానం తోకకు నేను వేసిన అతుకు

నిన్న చిట్యాల అవతల మా గొర్రెల బీడులో విమానం దిగింది. సైన్యంలో పైలట్లు కాబోయేవాళ్లు నేర్చుకునేదట, పేరు టైగర్ మాత్. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, పైకప్పు లేని రెండు సీట్లు. ముందు నేర్పే ఆఫీసరు, వెనక నేర్చుకునే గుంటూరు అబ్బాయి. దారి తప్పేసరికి పెట్రోలు అయిపోయిందట. దాని కోసం వెళ్తూ మా బాపు బీరన్నను కాపలా పెట్టారు. బాపు గొర్రెలను నీళ్లకు తోలుకుపోతూ నన్ను నిలబెట్టాడు.

"మేకలు జర పైలం బిడ్డా. గది ఇనుముది కాదంట, బట్టదంట."

తట్టి చూశాను. నిజంగా బట్టే, పసుపు రంగు పూసి డప్పులా బిగించారు. రెండు సీట్ల ముందూ ఒకేలాంటి కర్రలు. ఒకటి కదిపితే రెండోదీ కదిలింది. కాళ్ల దగ్గరి కమ్మీ నెడితే తోక మీది పలక పక్కకు తిరిగింది. నేను అట్లా ఆడుతుండగానే మా నల్లమేక ఆ పలక అంచు నమిలి అరచేయంత చించింది.

గొంగడి నేసే ఉన్ని దారానికి మా ఇళ్లలో చింతగింజల గంజి పట్టిస్తాం. ఆరితే చెక్కలా బిగుస్తుంది. అవ్వ కాచిన గంజి తెచ్చి, నా పసుపు లంగా ముక్క అతికించాను. బాపు కూడా కనిపెట్టలేదు.

ఈ పొద్దున జీపులో పెట్రోలు వచ్చింది. మబ్బు పడుతోందని ఆఫీసరు తొందరగా ఎక్కాడు. రాత్రి మంచుకు గంజి మెత్తబడి, ముక్క అంచు లేచి ఉంది. గుంటూరు అబ్బాయి విమానం ముక్కు మీది చెక్క పంకాను చేత్తో తిప్పాడు. ఇంజను అందుకుంది. నేను ఉరికి తోకను కావలించుకున్నాను.

"పాగల్ పోరీ! ఇడువు!" బాపు అరిచాడు.

ఇంజను ఆపి ఆఫీసరు దిగాడు. గోటితో గీకగానే నా లంగా ముక్క ఊడి ఆయన చేతికొచ్చింది.

"ఎవరయ్యా ఈ అతుకేసింది? పైన ఊడుంటే మా ఇద్దరికీ ఇక్కడే గోతులు తవ్వేవాళ్లు!" అన్నాడు గుంటూరు అబ్బాయి.

బాపు ఆ ముక్కను చూశాడు. తర్వాత నన్ను.

"నేనే దొరా. నా మేక చింపింది, నేనే అతికించిన."

"కాపలా అంటే ఇదా?" అన్నాడు ఆఫీసరు.

"తప్పైంది దొరా."

ఊరంతా చూస్తుండగా ఆయన్ను గట్టు అవతలికి పొమ్మన్నారు. బాపు తలపాగా తీసి చంకలో పెట్టుకుని నడిచాడు. నేను తోక పక్కనే ఉన్నాను. నేనేనని చెప్పలేదు.

కొత్త బట్ట వేసే మిస్త్రీ రేపు వస్తాడట. కాపలాకు బాపు బదులు మా ఊరి జంగయ్యను పెట్టారు.

"తిన్నవా బిడ్డా?" అని ఇందాక బాపు అడిగాడు.

తిన్నానన్నాను. అదీ అబద్ధమే.