వన్స్‌మోర్ గొలుసు

వెండిదో బంగారందో అనుకుని ఆశగా దగ్గరికి రాకండి. నేను ఒక ఎద్దు గొలుసుని. పల్నాడులో ఓ కమ్మరి కొలిమిలో కాగి, సుత్తి దెబ్బలు తిని పుట్టినదాన్ని. ఇప్పుడు అద్దాల బీరువాలో, మఖమల్ గుడ్డ మీద, నాటకం షీల్డు పక్కన పడుకుని ఉన్నాను. ఈ వైభోగం చూసి కుళ్లుకోకండి. ఇంటాయన చెప్పే అబద్ధానికి సాక్ష్యంగా నన్నిక్కడ పెట్టాడు. నోరు లేనిదాన్ని కదా!

నన్ను చేయించింది వీరరాఘవయ్య అనే మోతుబరి. దొంగలు తోలుకుపోకుండా ఒంగోలు ఎద్దు ముందరి కాలికి నన్ను చుట్టి తాళం వేయించేవాడు. నొక్కితే చాలు, దానంతటదే పడే తాళం అది, తీయడానికి మాత్రమే చెవి కావాలి. వేసేదీ తీసేదీ పాలేరు దానియేలు. ఎద్దు నయం, కోపమొస్తే ఒక తన్ను తన్ని ఊరుకునేది. మనుషుల సంగతి తలుచుకుంటే నాకు ఉన్న తుప్పు చాలదన్నట్టు ఇంకాస్త పడుతుంది.

మోతుబరి కొడుకు జనార్దనం, దానియేలు ఒక ఈడువాళ్లు. ఒకే కాలవలో ఈదారు, ఒకే తోటలో మామిడికాయలు దొంగిలించారు. ఊరంతా వాళ్ల స్నేహాన్ని మెచ్చుకునేది. ఏం స్నేహమో! దాహమేస్తే జనార్దనం చెంబెత్తి తాగేవాడు. దానియేలు వంగి దోసిలి పడితే పైనుంచి పోసేవాడు. అలా పోస్తున్నందుకు తనేదో గొప్పవాణ్నని మురిసిపోయేవాడు కూడా.

గుంటూరు కాలేజీలో చదివొచ్చిన జనార్దనం, బానిసల మీద రాసిన ఓ అమెరికా నవలను చంకన పెట్టుకొచ్చాడు. అందులో స్నేహం గురించీ స్వేచ్ఛ గురించీ చదివి వెక్కివెక్కి ఏడ్చాడు. దాన్ని నాటకంగా రాసి, బానిసను విడిపించే తెల్ల నేస్తం వేషం తను తీసుకున్నాడు. బానిస వేషం దానియేలుకిచ్చాడు. “నీకైతే రంగు ఖర్చు లేదురా,” అని పకపకా నవ్వాడు. పెట్రోమాక్సు వెలుగులో ఒళ్లు నిగనిగలాడాలని తలనుంచి పాదాలదాకా ఆముదం మాత్రం పట్టించాలన్నాడు. సంకెల కోసం నన్ను కొట్టంలోంచి పట్టుకొచ్చారు.

ఆ రోజుల్లోనే దానియేలు పెళ్లాం సువార్త డ్యాము పనులకు కూలికి వెళ్లి ఉంది. నెలలు నిండాయి. పక్కన అయినవాళ్లెవరూ లేరు. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు మధ్యలో కదలడానికి లేదు. కదిలితే మనుషుల్ని పంపి ఈడ్చుకొచ్చేవాళ్లు. రిహార్సల్ అయ్యాక దానియేలు నన్ను చేత్తో పట్టుకునే అడిగాడు.

“బాబూ, పెద్దయ్యగారికి ఒక మాట చెప్పు. కాన్పయ్యేదాకా పోయొస్తా. నువ్వు చెబితే ఇంటారు.”

“చెప్తాలేరా. ముందీ నాటకం గడవనీ. నువ్వు పోతే నాకు బానిసెవడ్రా?”

చెప్పలేదు. ఛీ! అమెరికా బానిస కోసం కడివెడు కన్నీళ్లు కార్చినవాడికి కన్నతండ్రి ముందు ఒక్క మాట పెగల్లేదు.

నాటకం రోజు పొద్దుగూకేసరికి ఊరు ఊరంతా బడి ముందు చేరింది. ముందు వరస కుర్చీల్లో వీరరాఘవయ్య. ఆయన వెనకాలే, పారిపోయినవాళ్లను పట్టుకొచ్చే ఆయన మనుషులు. ఆఖరి రంగంలో జనార్దనం నా తాళం తీసి, “పో నేస్తం! ఇక నీకు యజమాని లేడు!” అని గావుకేక పెట్టాడు. చప్పట్లు మోగేసరికి ఒళ్లు మరిచి, తాళంచెవిని జనంలోకి విసిరేశాడు.

“వన్స్‌మోర్! వన్స్‌మోర్!”

మన జనానికి పద్యం నచ్చినా వన్స్‌మోరే, చావు నచ్చినా వన్స్‌మోరే. చచ్చినవాడు లేచి మళ్లీ చావాలి. మరి విడుదల నచ్చితే? విడుదలైనవాణ్ని మళ్లీ కట్టేయాలి. జనార్దనం ఏమాత్రం సిగ్గుపడకుండా దానియేలును వెనక్కి పిలిచాడు. హడావిడిగా నన్ను వాడి కాలికి చుట్టి టక్కున తాళం నొక్కాడు. “పో నేస్తం!” అంటూ జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ.

“ఒరే, చెవేదిరా?” అన్నాడు గుసగుసగా.

“నువ్వే ఇసిరేశావుగా బాబూ.”

“కాస్త ఓపిక పట్టరా, వెతికిస్తాను.”

“నీ మాట నమ్మి ఓపిక పట్టీ పట్టీ నా పెళ్లానికి నెలలు నిండినయ్,” అన్నాడు దానియేలు. వాడి దగ్గర ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

వంగి, ఆముదం కారుతున్న మడమను లాగాడు. తొందరలో నన్ను వదులుగా చుట్టారు కదా, చర్మం గీరుకుపోయినా కాలు బయటికొచ్చింది. నన్ను నేస్తం చేతిలో పెట్టి, స్టేజీ దిగి, జనం మధ్యనుంచి నడిచాడు. జనం లేచి దారిచ్చారు. వీరరాఘవయ్య “భేష్! ఏం నటనరా!” అని చప్పట్లు కొట్టి, వాడికి ధోవతుల చాపు చదివించాడు. పట్టుకోవాల్సినవాళ్లు ఈలలేశారు. మళ్లీ వన్స్‌మోర్ అని అరిచారు. ఈసారి ఎవరూ తిరిగి రాలేదు.

వీళ్లకు తెలివొచ్చేసరికి దానియేలు డ్యాముకెళ్లే సిమెంటు లారీ ఎక్కేశాడు. సువార్తకు ఆడపిల్ల పుట్టిందనీ, వాడు మళ్లీ ఈ పొలిమేర తొక్కనన్నాడనీ తర్వాత కొట్టంలో విన్నాను. నా బతుకులో సంతోషించింది ఆ ఒక్కసారే.

జనార్దనం ఇప్పుడు ముసలాడు. సభల్లో స్నేహం గురించీ స్వేచ్ఛ గురించీ ఉపన్యాసాలిస్తాడు. ఇంటికొచ్చినవాళ్లందరికీ బీరువా తెరిచి నన్ను చూపిస్తాడు. “మా దానియేలుని ఈ చేతులతోనే విడిపించాను,” అని కళ్లొత్తుకుంటాడు. వాళ్లూ ఒత్తుకుంటారు. నాతో ఫొటోలు దిగుతారు. ఒక్కడైనా, ఒక్కడంటే ఒక్కడైనా నన్ను సరిగ్గా చూసి చావడు. నాకు వేసిన తాళం ఇంకా వేసే ఉంది.